ఊరి పేరా, అక్షాంశ రేఖాంశాలా: జన్యుక్రమం ఎక్కడిదో తేల్చడానికి ఏది మేలు?

జన్యుక్రమాలను భద్రపరిచే బహిరంగ డేటాబేస్ జెన్‌బ్యాంక్‌లో ఒక జన్యుక్రమం తెరిచి, ఈ నమూనా ఎక్కడ తీశారని వెతికితే జవాబు రెండు చోట్ల దొరకొచ్చు. మొదటిది జియో లాక్ నేమ్: దేశం పేరు, పక్కన కోలన్ పెట్టి రాష్ట్రమో ఊరో. 2024 వరకు దీన్నే 'కంట్రీ' అనేవారు. రెండోది ల్యాట్ లాన్, అంటే అక్షాంశ రేఖాంశాలు. మ్యాపు వేయాలంటే చెయ్యి ముందు అంకెల మీదికే పోతుంది. నేను మాత్రం పేరునే ముందు నమ్ముతాను.

పేరు తనకెంత తెలుసో దాచుకోదు. 'మలేసియా' అని మాత్రమే ఉంటే, అంతకు మించి తెలియదని మనకు అర్థమవుతుంది. అంకెలు అలా కాదు. ఒక రికార్డులో 'మలేసియా: జొహోర్' అని ఉండి, ల్యాట్ లాన్‌లో 2.5 ఉత్తరం, 112.5 తూర్పు అని ఉందనుకోండి. జొహోర్ మలయ్ ద్వీపకల్పం కొసన ఉంది. ఆ బిందువేమో సముద్రం దాటి బోర్నియోలోని సరవాక్‌లో పడుతుంది. అది దేశం మొత్తానికి గుర్తుగా వాడే మధ్య బిందువు. ఊరి అంకెలు దొరక్క ఎవరో దాన్నే నింపి ఉంటారు. అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా అయితే గినియా సింధుశాఖలో తేలుతుంది కాబట్టి వెంటనే పట్టేస్తాం. మధ్య బిందువు నేల మీదే, సరైన దేశంలోనే ఉంటుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

దశాంశాలదీ ఇదే గొడవ. అక్షాంశంలో 0.01 డిగ్రీ అంటే సుమారు 1.1 కిలోమీటర్లు. ఆరు దశాంశ స్థానాలు రాస్తే 11 సెంటీమీటర్ల ఖచ్చితత్వం ఉన్నట్టు! డిగ్రీలు, నిమిషాలను దశాంశాల్లోకి మార్చినప్పుడు పుట్టిన తోక అంకెలే చాలాసార్లు అవి. ఏ జీవి ఎక్కడ కనిపించిందో నమోదు చేసే అంతర్జాతీయ డేటాబేస్ జీబీఐఎఫ్ రికార్డుల్లో, ఈ బిందువు ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో రాయడానికి వేరే గడి ఉంది. జెన్‌బ్యాంక్ ల్యాట్ లాన్‌లో అలాంటి చోటు లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు.

పేరుకూ చిక్కులున్నాయి. జార్జియా అంటే దేశమా, అమెరికా రాష్ట్రమా? జైర్ లాంటి పాత దేశాల పేర్లూ రికార్డుల్లో ఉన్నాయి. అయినా చూడగానే అనుమానం వస్తుంది, విచారించుకోవచ్చు. ప్రయాణంలో వైరస్ సోకిన మనిషికి ఇంకో దేశంలో పరీక్ష చేస్తే మాత్రం పేరూ అంకెలూ రెండూ పరీక్ష జరిగిన చోటునే చూపించవచ్చు. అక్కడ ఏదీ మేలు కాదు.

రెండిటికన్నా గట్టిది మ్యూజియంలో దాచిన నమూనా సంఖ్య. రికార్డులో అది ఉంటే సేకరించినవాళ్లు రాసిన చీటీ దాకా వెళ్లొచ్చు. వేల రికార్డులకు ఆ ఓపిక చాలదు, నిజమే. కనీసం మ్యాపులో ఒంటరిగా దూరంగా పడ్డ చుక్కలకైనా చూడాలి.

కొత్తగా సమర్పించేవాటికి దేశం, సేకరణ తేదీ ఇప్పుడు తప్పనిసరి. తెలియకపోతే 'మిస్సింగ్' అని కారణంతో రాసే వీలుంది. ఊహించి నింపిన బిందువు కంటే ఆ మాటే నాకు పనికొస్తుంది. పేరూ అంకెలూ పొసగని రికార్డుల్లో నేను అంకెలు పక్కనపెట్టి, పేరు చెప్పిన జిల్లానో దేశాన్నో మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. వాతావరణంతోనో ఎత్తుతోనో పోల్చే విశ్లేషణలోకి ఆ రికార్డులను అసలు రానివ్వను.