మొనార్క్ సీతాకోకచిలుకల కొండకు ఒక్కరోజు ప్యాకేజీలో వెళ్లకండి

మెక్సికో సిటీ నుంచి మనిషికి 1,900 పెసోలు తీసుకుని మిచోవకాన్ కొండలకు తీసుకెళ్లిన ఏజెంటు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. తెల్లవారకముందే బయలుదేరదీసి, తొమ్మిదికి సీతాకోకచిలుకల అభయారణ్యం ఎల్ రొసారియోలో దింపి, పదిన్నరకల్లా కిందికి రావాలన్నాడు. మధ్యాహ్నం ఇంకో ఊరు చూపించాలట! మూడు వేల మీటర్ల ఎత్తులో రొప్పుతూ ఎక్కితే, ఒయామెల్ ఫర్ చెట్ల కొమ్మలకు మొనార్క్‌లు ఎండుటాకుల గుత్తుల్లా వేలాడుతూ కనిపించాయి. ఒక్క రెక్కా కదల్లేదు. వాటి కండరాలు దాదాపు 13 డిగ్రీల వేడి అందుకుంటే తప్ప ఎగరలేవు. ఏటా జనాన్ని తీసుకెళ్లే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

అవి ఎగరడం చూడకుండా తిరిగి వ్యాన్ ఎక్కనని అక్క భీష్మించింది. మావారు డబ్బు పోయిందని ముఖం ముడుచుకున్నారు. దగ్గర్లోని అంగాంగెయో ఊళ్లో 850 పెసోలకు గది దొరికింది. వేడినీళ్లు ఇద్దరికే సరిపోయాయి, హీటరు లేదు. వణుకుతూ పడుకున్నాం.

ఆ చలే మొనార్క్‌ల వలసకు సంకేతం. వేసవి చివర కెనడా, అమెరికాల్లో పగలు కురచబడి, రాత్రులు చల్లబడి, గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్క ముదిరితే, అప్పుడు పుట్టిన తరం గుడ్లు పెట్టే పని వాయిదా వేసి దక్షిణానికి, ఈ కొండలకు బయలుదేరుతుంది. దారి చూపేది సూర్యుడు. వేళను బట్టి ఆ దిశను సరిదిద్దే గడియారం వాటి తలమీది మీసాల్లో ఉంటుంది. మరి వసంతంలో ఉత్తరానికి మళ్లించేది ఏది? శీతలమే. 2013లో వెలువడిన పరిశోధనలో, 24 రోజులు చలిలో ఉంచినవి ఉత్తరానికి తిరిగాయి. ఆ చలి తగలనివి వసంతం వచ్చినా దక్షిణం వైపే ఎగరబోయాయి. ఈ అడవి వేడెక్కితే జరిగే నష్టం చెట్లతో ఆగదు.

మర్నాడు స్థానిక గైడు పన్నెండు దాకా మమ్మల్ని కదలనివ్వలేదు. మబ్బు తొలగగానే కొమ్మలన్నీ ఒక్కసారిగా నారింజరంగులో విచ్చుకున్నాయి. ఆకాశం నిండిపోయింది, రెక్కల చప్పుడు చెవికి వినిపించింది. మావారు నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయారు. ఆ గైడుకు 300 పెసోలిచ్చాం, ఇంకా ఇవ్వాల్సింది.

ఫిబ్రవరి రెండో సగంలో, వారాంతం కాని రోజున వెళ్లండి. ముందురోజు రాత్రి అంగాంగెయోలోనే ఉండండి. గది తీసుకునేటప్పుడే రెండో దుప్పటి అడగండి.