గోలీ, మాట, గ్లూకోజు, గుట్ట: రందికి ఏది మేలు?

నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి దవాఖానకు వచ్చేవాళ్లలో "నాకు డిప్రెషన్ ఉంది" అనేవాళ్లు అరుదు. "పానం నిమ్మళంగ లేదు", "కాళ్లు చేతులు గుంజుతున్నయ్", "గుండెల దడ", "తినబుద్ధయితలేదు" అంటారు. వెంట వచ్చినవాళ్లు "రంది పెట్టుకున్నడు సారూ" అంటారు. రంది మంచి మాట. దిగులు, బెంగ, మనాది అన్నీ అందులో ఇమిడిపోతాయి. కానీ రంది అందరికీ ఉండేదే, నాలుగు రోజులైతే అదే పోతుందన్న భరోసా కూడా ఆ మాట వెనకే నడుస్తుంది. ఆ భరోసాతోనే నెలలు గడిచిపోతాయి.

పంట పోయినా, ఇంటి మనిషి పోయినా దుఃఖం వస్తుంది. అది జబ్బు కాదు. దుఃఖంలో ఉన్న తాత, మనవడొచ్చి ఒళ్లో కూర్చుంటే కాసేపైనా తేలికపడతాడు. డిప్రెషన్‌లో ఉన్న తాతకు ఆ మనవడు కూడా బరువే. వైద్యుల లెక్క ప్రకారం మనసు కుంగి ఉండటం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఈ రెండింటిలో ఒకటైనా ఉండాలి. నిద్ర, ఆకలి దెబ్బతినడం, నీరసం, నడకా మాటా నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం, నేను పనికిరానివాణ్ని అనిపించడం, చావు ఆలోచనలు కూడా లెక్కలోకి వస్తాయి. మొత్తం తొమ్మిదింట్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు రోజూ ఉంటే అది డిప్రెషన్. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, పొద్దున ఎక్కువగా ఉన్న బరువు సాయంత్రానికి కొంచెం తగ్గడం కనిపిస్తే జబ్బు ముదిరిందని అనుమానించాలి.

ఎంత ముదిరిందో కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం ఉంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఏ చికిత్స మేలో తేల్చడానికి ఈ అంకె చాలావరకు సాయం చేస్తుంది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఒక్క మార్కు పడినా మొత్తం ఎంతొచ్చిందని చూస్తూ కూర్చోకుండా అదే రోజు వైద్యుడితో మాట్లాడించాలి.

చికిత్స మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువున్నా, విటమిన్ బి12 లోపించినా అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, షుగర్ చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ సూదులు, గోలీలు వాడినవాళ్లలోనూ, కాన్పైన కొత్తలో తల్లులలోనూ ఇది వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను రాత్రింబవళ్లు వేధించే నొప్పి మెల్లగా మనసునూ కుంగదీస్తుంది. వంశంలో ఉండటం, అప్పు, వలస, తాగుడు, చిన్నప్పటి దెబ్బలు కలిసి పనిచేస్తాయి. "మెదడులో ఒక రసాయనం తగ్గింది" అన్న ఒక్క ముక్కలో ఈ జబ్బు ఇమడదు.

మాటకూ గోలీకీ మధ్య

పీహెచ్‌క్యూ-9 స్కోరు 5 నుంచి 9 లోపు ఉంటే గోలీతో మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ దశలో అసలు మందుకూ ఉత్తుత్తి గోలీకీ పెద్ద తేడా కనిపించదు. 10 నుంచి 14 వరకు మాటల చికిత్స, గోలీ దాదాపు సమానంగా పనిచేస్తాయి. ఏది దొరుకుతుంది, మనిషి దేనికి ఒప్పుకుంటాడు అన్నదాన్ని బట్టి ఎంచుకోవచ్చు. 15, ఆపైన ఉంటే గోలీ ఉండాల్సిందే, మాట కూడా తోడైతే మరీ మంచిది. 20 దాటి, మనిషి తిండీ నీళ్లూ మానేస్తే దవాఖానలో చేర్చాలి.

మాటల చికిత్స అంటే ధైర్యం చెప్పడమని చాలామంది అనుకుంటారు. "ధైర్యంగుండు బిడ్డా, నీకేం తక్కువైంది" అనేది ప్రేమతో అన్న మాటే. వినే మనిషికి మాత్రం "ఏం తక్కువ లేకున్నా నేనిట్లున్న, తప్పు నాదే" అని వినిపిస్తుంది. అసలు చికిత్స చాలా నేలమీది పని. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది విడతల్లో చేయించిన ఇలాంటి చికిత్స బాగా పనిచేసిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అదెలా ఉంటుందో ఒక పత్తి కూలి పనులకు పోయే ఆమె నోట్‌బుక్‌ ఊహించుకుంటే తెలుస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చరు. ఏ గంటకు ఏం చేసింది, అప్పుడు మనసుకు పదికి ఎన్ని మార్కులు అని రాయడమే. చదువు రాకపోతే పిల్లలు రాస్తారు. "11 గంటలు, మంచంలో, 1", "4 గంటలు, పక్కింటి వదిన వచ్చింది, 3". ఆ 3 దగ్గరే దారి ఉంది. రెండో వారం నుంచి అలాంటివి రోజుకు రెండు పెడతారు. "వంట చేయాలె" అని రాస్తే పెద్దదైపోతుంది. "పొయ్యి ముందు కూసోని చాయ పెట్టుకునుడు, పది నిమిషాలు." "వాకిట్ల చిన్న ముగ్గు." "వదిన దగ్గర పావుగంట." చేయబుద్ధయినప్పుడు కాదు, గడియారం చూసి చేయాలి. మనసు బాగైతే పని చేస్తానని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. పని ముందు నడుస్తుంది, మనసు వెనక వస్తుంది.

ఇది చెడేది ఎక్కువగా ఒక్కచోటే. పని పెద్దది పెట్టుకుంటారు, రెండో రోజే తప్పుతారు, "చూసినవా, నాతోని కాదు" అని పుస్తకం పక్కన పడేస్తారు. తప్పితే పనిని సగానికి కోయాలి, మనిషిని తిట్టకూడదు.

వ్యాయామం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, అరగంటకు పైగా, ఒంటికి చెమట పట్టేలా నడిస్తే తేలికపాటి డిప్రెషన్‌లో మంచి ఫలితం ఉంటుంది. "పొద్దంత కూలి చేస్తున్న, ఇంక నడుసుడెందుకు" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బతుకు కోసం తప్పక వంగిన నడుము వేరు, ఇష్టంతో వేసిన అడుగు వేరు. వాళ్లకు నడకకన్నా చెరువు కట్ట మీద నలుగురితో కూర్చోవడం, భజనకు పోవడం, బతుకమ్మ ఆటలో చేయి కలపడం ఎక్కువ పనికొస్తాయి. యోగా కూడా తోడుగా మంచిదే. ముదిరిన జబ్బుకు అదొక్కటే చాలదు.

గోలీల్లో ఏది?

ముందుగా ఇచ్చేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం, అంటే మెదడులో సెరటోనిన్ మీద పనిచేసేవి: సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్. సెర్ట్రలిన్ సాధారణంగా 25తో మొదలుపెట్టి 50 మిల్లీగ్రాములకు, ఎస్సిటలోప్రామ్ 5తో మొదలుపెట్టి 10కి పెంచుతారు. ఫ్లూఆక్సెటిన్ 20, పొద్దున పూట. తిన్న తర్వాత వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది.

వీటితో వచ్చే గొడవ చాలావరకు మొదటి పదిహేను రోజుల్లోనే. కడుపులో వికారం, విరేచనాలు, తలనొప్పి, ఆందోళన రెండో రోజే వస్తాయి. మేలు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలై, ఆరు వారాలకు గాని పూర్తిగా తెలియదు. ఈ లెక్క ముందే చెప్పకపోతే మనిషి ఐదో రోజున "ఈ గోలీలు పడ్తలెవ్వు" అని మానేస్తాడు. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగవచ్చు. అందుకే ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు కనిపెట్టి ఉండాలి. నిద్ర లేకున్నా హుషారు, ఆగని మాటలు, చేతికందినంత ఖర్చు మొదలైతే వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి, అది బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు. కోరిక తగ్గడం గురించి భార్యాభర్తలిద్దరూ నోరు విప్పరు, గోలీలు మాత్రం చెత్తబుట్టలో వేస్తారు. చెప్తే మోతాదో మందో మార్చవచ్చు.

ఒళ్లు నొప్పులు కూడా ఉంటే డులాక్సెటిన్ మేలు. అది నొప్పికీ మనసుకీ రెండింటికీ పనిచేస్తుంది. పాత రకమైన అమిట్రిప్టిలిన్ కూడా నొప్పికి, నిద్రకు పనికొస్తుంది. కాకపోతే నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, గుండె జబ్బున్నవాళ్లకు మంచిది కాదు. మోతాదు మించితే ప్రమాదం కాబట్టి ఒకేసారి నెలకు సరిపడా ఇంట్లో పెట్టకూడదు. నడుము నొప్పికని డైక్లోఫెనాక్ రోజూ మింగేవాళ్లు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ గోలీ కూడా వేసుకుంటే కడుపులో రక్తం కారే ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్‌ అయితే ఫిట్స్ దాకా పోవచ్చు. వైద్యుడికి నొప్పి గోలీ స్ట్రిప్పు కూడా చూపించాలి.

బాగైన తర్వాత అదే మోతాదు ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. రెండోసారో మూడోసారో వచ్చిన వాళ్లు రెండేళ్లు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు పాకినట్టు అనిపించడం వస్తుంది. దాన్ని "అలవాటు పడ్డ" అని పొరబడతారు. మెల్లగా తగ్గిస్తే రాదు. ముంబైకి, పుణెకు పనికి పోయే పాలమూరు కూలీల గోలీలు చాలాసార్లు ఆగిపోయేది అక్కడే. బస్సెక్కే ముందు రెండు నెలల గోలీలు సంచిలో పెట్టుకోవాలి, దవాఖాన చీటీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవాలి.

నిద్రపుచ్చేవి

మన దగ్గర అసలు పోటీ ఇంగ్లిష్ మందుకూ ఆయుర్వేదానికీ మధ్య లేదు. చికిత్సకూ, చికిత్సలాగా కనిపించేవాటికీ మధ్య ఉంది. మొదటిది గ్లూకోజు. నీరసమంటే ఆర్‌ఎంపీ ఒక బాటిల్ ఎక్కిస్తాడు, అందులో పచ్చగా ఒక సూది కలుపుతాడు. ఒక బాటిల్ గ్లూకోజులో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఇంట్లో ఐదారు చెంచాలంత. రెండు గంటలు పడుకోబెట్టి ఒకరు పక్కన కూర్చుంటారు కాబట్టి ఆ పూట హాయిగా ఉంటుంది.

రెండోది నిద్రగోలీ, ఎక్కువగా ఆల్ప్రజోలామ్. మొదటి రాత్రే నిద్ర పడుతుంది, దడ తగ్గుతుంది. రెండో రోజే వికారం తెచ్చే సెర్ట్రలిన్ పక్కన పెడితే ఇదే మంచి మందనిపిస్తుంది. కానీ అది జబ్బును తగ్గించదు, నిద్రపుచ్చుతుంది. కొద్ది వారాల్లోనే అదే నిద్రకు ఒకటి చాలక రెండు కావాల్సి వస్తుంది. వైద్యుడు మొదటి రెండు మూడు వారాలకు తోడుగా ఇస్తే అర్థముంది. మందుల షాపులో పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకుంటే లేదు.

మూడోది మందుకల్లు. తాటికల్లు, ఈతకల్లు కాదు ఇక్కడ మాట. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. సాయంత్రం సీసా తాగే కూలి మనిషికి తాను నిద్రమందు మింగుతున్నట్టే తెలియదు. నెలల తరబడి తాగితే మనసు ఇంకా కుంగుతుంది. ఒక్కసారి మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం ఒకటి రెండు రోజుల్లోనే మొదలుకావచ్చు. చూసినవాళ్లు గాలి సోకిందంటారు. అందుకే మందుకల్లు గాని, ఏళ్లనాటి నిద్రగోలీ గాని ఇంట్లో పంతంతో ఆపించకూడదు. వైద్యుడు మోతాదు లెక్కగట్టి, రెండు మూడు వారాలకోసారి పదో వంతు చొప్పున దించుకుంటూ వస్తాడు. ఫిట్స్ వస్తే ఆగకుండా దవాఖానకు.

ఆయుర్వేదం, గుట్ట, షాక్

అశ్వగంధ, బ్రాహ్మి మీద చిన్న చిన్న పరిశోధనలున్నాయి. ముదిరిన డిప్రెషన్‌కు గోలీ బదులు ఇవ్వదగినంత ఆధారం లేదు. అశ్వగంధతో కొందరికి కాలేయం దెబ్బతిన్నది, థైరాయిడ్ మందు వాడేవాళ్లకు లెక్కలు తారుమారవుతాయి. లేబుల్ లేని పొట్లాల్లో ఇచ్చే భస్మాల్లో సీసం, పాదరసం ఉండే ముప్పుంది, అవి వద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్‌కు తేలికపాటి డిప్రెషన్‌లో కొంత బలమున్నా, ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే ప్రమాదం. గర్భనిరోధక గోలీలను, రక్తం పలచబరిచే మందులను అది పనిచేయనివ్వదు. హోమియోపతికి నమ్మదగిన ఆధారం లేదు.

చెర్వుగట్టు మీద అమావాస్య నిద్ర, జాన్‌పహాడ్ దర్గాలో మొక్కు, మన్యంకొండ దర్శనం వేరే లెక్క. నెలలుగా మంచం దిగని మనిషిని స్నానం చేయించి, నలుగురి మధ్య బండెక్కించి తీసుకుపోవడంలోనే సగం మందుంది. పోనివ్వండి. గోలీ సంచి కూడా వెంట తీసుకుపొండి. బాణామతి, చేతబడి అని పక్కింటావిడను చూపించేవాడి దగ్గరికి మాత్రం పోవద్దు. అక్కడ జబ్బు తగ్గకపోగా ఇంకో మనిషి బలవుతుంది.

కరెంటు షాక్ అంటే సినిమాల్లో చూసిన భయమే అందరికీ. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు ఇస్తారు. తిండి మానేసిన, చావు తప్ప ఆలోచన లేని మనిషికి ఇది వేగంగా పనిచేస్తుంది. కొన్నాళ్ల జ్ఞాపకాలు మసకబారడం దాని లోటు.

ఇవన్నీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా పోతేనే దొరుకుతాయని కాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ దవాఖానల్లో, బీబీనగర్ ఎయిమ్స్‌లో మానసిక వైద్యులున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

అనుమానం ఉంటే సూటిగా అడగండి: "అన్నా, చచ్చిపోవాలనిపిస్తుందా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఆ రోజు మనిషిని ఒంటరిగా వదలొద్దు. పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి బావి కాడి కొట్టంలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ఆ ఇంట్లో కాకుండా పక్క చేనువాళ్ల దగ్గర ఉండాలి.