పిట్స్‌బర్గ్ వెళ్తే గుడి ఒక్కటే చూసి వచ్చేయకండి

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడే. దర్శనం, కింద క్యాంటీన్లో పులిహోర, మళ్ళీ హైవే ఎక్కేయడం. ఈసారి మేం ఒక రోజు అట్టేపెట్టుకుని హోంస్టెడ్ చూశాం. 1892లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఫ్యాక్టరీలో యూనియన్‌ని విరగ్గొట్టింది ఈ ఊళ్ళోనే.

ముందు పంప్ హౌస్‌కి వెళ్ళండి. మొనాంగహీలా నది ఒడ్డున ఒంటరి ఇటుక భవనం, టికెట్ లేదు, పక్కనుంచే సైకిల్ బాట పోతుంది. జీతాల కోతకి యూనియన్ ఒప్పుకోలేదని మేనేజర్ ఫ్రిక్ లాకౌట్ పెట్టి, ఫ్యాక్టరీ చుట్టూ ముళ్ళతీగ పెట్టిన ఎత్తైన కంచె కట్టించాడు. జూలై 6 తెల్లవారుజామున ఫ్రిక్ పిలిపించిన దాదాపు 300 మంది పింకర్టన్ గార్డులు (అద్దెకి దొరికే ప్రైవేటు కాపలాదళం) రెండు బార్జీల్లో ఇక్కడికే వచ్చారు. ఊరు ఊరంతా ఒడ్డుకి పరుగెత్తింది, సాయంత్రానికి గార్డులే లొంగిపోయారు. అప్పటికి రెండువైపులా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత గవర్నర్ వేలమంది సైనికుల్ని దింపడంతో నవంబరుకల్లా యూనియన్ చేతులెత్తేసింది. నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, దాదాపు 3,800 మంది పనివాళ్ళలో యూనియన్ సభ్యులు 800 మందే, అందరూ నైపుణ్యం ఉన్నవాళ్ళు. అయినా మిగతావాళ్ళు వాళ్ళ వెనకే నిలబడ్డారు.

అసలు ఫ్యాక్టరీ చూద్దామంటే లేదు. 1986లో మూసేశారు, ఇప్పుడక్కడ షాపింగ్ మాల్, సినిమా హాలు, వరసగా నిలబెట్టి ఉంచిన 12 పొగగొట్టాలు. ఫోటోకి తప్ప ఆగక్కర్లేదు.

డబ్బు పెట్టదగ్గది మాత్రం నదికి అవతల ఈ ఫ్యాక్టరీకి ఇనుము కరిగించి పంపిన క్యారీ ఫర్నేసుల టూరు. 92 అడుగుల కొలిమిలు తుప్పు పట్టి అలాగే నిలబడున్నాయి. ఇవి 1907 నాటివి, అంటే గొడవ తర్వాత కట్టినవి, కానీ పని ఎలా జరిగేదో అర్థమయ్యేది ఇక్కడే. ఇసుక పరిచిన నేలలో తీసిన కాలువల గుండా కరిగిన ఇనుము పారుతుంటే మనుషులు పక్కనే నిలబడి మళ్ళించేవాళ్ళు, ఆ ఇనుము వేడివేడిగానే వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి పోయేది. గైడు ఓపిగ్గా, ఎవరినీ వెనకేసుకురాకుండా చెప్పాడు. చలికాలంలో టూర్లు ఉండవు, ముందే బుక్ చేసుకోండి, చెప్పులతో పోకండి. మెట్లు చాలానే ఉన్నాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేముందు ఆలోచించుకోండి.

కొండ మీద 1898లో కార్నెగీ కట్టించిన లైబ్రరీ ఉంది, లోపల ఈతకొలను, సంగీత మందిరం కూడా. బాగుంది, కాదనను. కానీ యూనియన్ పోయాక 12 గంటల షిఫ్టు చేసి వచ్చినవాడు ఏ వేళకి పుస్తకం తీస్తాడు? ఫ్రిక్ ఇల్లు క్లేటన్ నగరంలో ఇంకో వైపు ఉంది. సామాను చాలావరకు అప్పటిదే, పద్ధతిగా చూపిస్తారు, కాకపోతే మాకు దొరికిన టూరులో కర్టెన్ల మీద పెట్టిన టైములో సగం కూడా సమ్మె మీద పెట్టలేదు. టైము లేకపోతే ఇదొక్కటి వదిలేయొచ్చు.

బస డౌన్‌టౌన్‌లో తీసుకున్నాం, అక్కడే దెబ్బ తిన్నాం. గది అద్దె పరవాలేదు గానీ పార్కింగ్‌కి విడిగా బాదారు, పైగా బుకింగ్‌లో ఉందన్న బ్రేక్‌ఫాస్ట్ కాఫీ, ఒక మఫిన్‌తో సరి. కారులో వచ్చేవాళ్ళు మన్రోవిల్ వైపు చూసుకోండి, గుడికీ దగ్గర, పార్కింగ్ టెన్షన్ ఉండదు. కారు లేకుండా మాత్రం ఈ చోట్లన్నీ ఒక్క రోజులో తిరగడం కష్టం, క్యారీ దగ్గర క్యాబ్ కోసం చాలాసేపు నిలబడ్డవాళ్ళని చూశాం.