పాదముద్రల అచ్చుకు డెంటల్ స్టోన్: బెజవాడలో కొనేవాళ్లకు

హిమాలయాల యతి, అమెరికా బిగ్‌ఫుట్ లాంటి అడవి మనుషుల కథలంటే చెవి కోసుకునేవాళ్లు ఏదో ఒకనాడు పాదముద్రకు అచ్చు తీయాలనుకుంటారు. వెంటనే హార్డ్‌వేర్ షాపుకెళ్లి సీలింగ్ పనికి వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెచ్చుకుంటారు. అది వద్దు. సూర్యారావుపేట ఆసుపత్రుల వైపు డెంటల్ సామాను అమ్మే షాపుల్లో డెంటల్ స్టోన్, టైప్ 3 అని అడగండి. పళ్ల డాక్టర్లు దవడ నమూనాలు పోసుకునే పొడి అది. ధర ఎక్కువే, అయినా ఆ డబ్బు దండగ కాదు.

రెండూ జిప్సం కాల్చి చేసినవే, తేడా గింజలో ఉంది. ప్లాస్టర్ గింజ గుల్ల. 100 గ్రాములకు 50 మి.లీ. దాకా నీళ్లు తాగుతుంది. స్టోన్ గింజ గట్టిది, 30 మి.లీ. చాలు. మిగులు నీళ్లు ఆరిన చోటల్లా రంధ్రాలు పడతాయి కాబట్టి ప్లాస్టర్ అచ్చు గోటితో గీరినా రాలుతుంది. మట్టి వదలాలని బ్రష్ పెడితే వేళ్ల అంచులు కూడా మట్టితోపాటే పోతాయి. స్టోన్ అచ్చును రెండు రోజులు ఆరనిచ్చి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగితే ఇసుక రేణువు గుచ్చుకున్న గుంట కూడా కనిపిస్తుంది.

బ్యారేజీ దిగువన బయటపడే ఇసుక మేట సాధనకు మంచి చోటు. ముద్ర చుట్టూ రెండంగుళాల ఎత్తున అట్టముక్కలు నిలబెట్టండి. పొడి ఇసుకైతే హెయిర్ స్ప్రేని ముద్రకు పైన గాలిలో కొట్టి వాలనివ్వాలి, నేరుగా కొడితే అంచు కూలుతుంది. జిప్ కవర్లో 1 కిలో పొడి, 300 మి.లీ. చల్లటి నీళ్లు పోసి మూడు నిమిషాలు బయటి నుంచి పిసకండి. దోసెపిండిలా జారాలి. ముద్రలో కాకుండా పక్కన స్పూను అడ్డం పెట్టి దాని మీద పోస్తే, పిండి తనంతట తాను ముద్రలోకి పారుతుంది. గట్టిపడేలోపు పైభాగాన మేకుతో తేదీ, చోటు, పాదం ఎటు తిరిగి ఉందో గీయాలి. ఎండలో అరగంట, తడి ఇసుకలో గంట ఆగి, పక్క నుంచి తాపీతో తవ్వి ఎత్తండి. అంచు పట్టుకుని లాగితే మడమ దగ్గర విరుగుతుంది.

ఈ సరుకుతో పెద్ద చిక్కు తేమ. ప్యాకెట్ విప్పాక వానాకాలంలో అలాగే వదిలేస్తే పొడి ఉండలు కడుతుంది. ఆ ఉండలు కరగవు, అచ్చు గట్టిపడినా పొరలుగా ఊడుతుంది. మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో పోసుకోవాలి. ఉప్పునీళ్లు, పాత గిన్నెకు అంటుకున్న గట్టి ముక్కలు పిండిని తొందరగా బిగిస్తాయి. పోయకముందే గడ్డకడితే మళ్లీ నీళ్లు కలపకండి, పారేయండి.

అడవి మనుషుల వాదన చాలావరకు అచ్చుల మీదే నిలబడింది కనుక ఇంకో సంగతి తప్పక తెలియాలి. టెక్సాస్‌లో పోలీసు వేలిముద్రల నిపుణుడు జిమ్మీ చిల్కట్ కొన్ని బిగ్‌ఫుట్ అచ్చుల మీద చర్మరేఖలు ఉన్నాయన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చాలని మాట్ క్రౌలీ అనే పరిశోధకుడు ఆరిన సన్నమట్టిలో అచ్చులు పోసి చూశాడు. పిండి ముందుకు పాకుతుంటే మట్టి దాని అంచు నీళ్లు పీల్చేస్తుంది, అక్కడ అలలు అలలుగా గీతలు పడతాయి. పాదమే పెట్టని చోట కూడా అచ్చం చర్మరేఖల్లా వచ్చాయి! స్టోన్ నీళ్లు తక్కువ తాగినా ఈ బెడద పూర్తిగా పోదు. అందుకే ముద్ర పక్కన ఖాళీ నేల మీద గుప్పెడు పిండి విడిగా పోయండి. గీతలు దాని మీదా వస్తే అవి పాదానివి కావు. ఈ ఒక్క పని చేయని అచ్చును నమ్మాల్సిన పనిలేదు.

అచ్చు ఎంత బాగా వచ్చినా పాదం నిజమైనదని రుజువు కాదు. 1958లో కాలిఫోర్నియాలో బుల్డోజర్ నడిపే జెర్రీ క్రూ తీసిన 16 అంగుళాల అచ్చుతోనే బిగ్‌ఫుట్ పేరు పాకింది. 2002లో అక్కడి రోడ్డు పనుల కాంట్రాక్టర్ రే వాలెస్ చనిపోయాక, ఆ ముద్రలు వేసింది ఆయనేనంటూ ఇంటివాళ్లు చెక్క పాదాలు బయటపెట్టారు. చెక్క పాదమైతే ప్రతి అడుగూ ఒకే అచ్చు. అందుకే ఒక్క ముద్రతో ఆగకుండా వరసగా మూడింటికి తీయాలి. నడిచే కాలికి వేళ్ల ఎడం, మడమ లోతు అడుగడుగుకూ మారతాయి. నల్లమల వైపు వెళ్లేవాళ్లకు ఎలుగుబంటి వెనక పాదం మనిషిదే అనిపిస్తుంది. వేళ్లు చూడండి: మనిషికి బొటనవేలు లోపలివైపు, ఎలుగుకు లోపలిది చిటికెన వేలంత. ముందు పాదం మీద వెనక పాదం పడితే రెండూ కలిసి రాక్షసి పాదమవుతుంది.

మంచులో ఈ పొడి పనికిరాదు. గట్టిపడేటప్పుడు వేడెక్కి మంచును కరిగిస్తుంది. అందుకే యతి ముద్రలకు, 1951లో హిమాలయాల్లోని మెన్లుంగ్ హిమానీనదం మీద పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ మంచుగొడ్డలి పక్కన పెట్టి తీసిన ఫొటోలే మిగిలాయి. 2019లో మన సైన్యం నేపాల్‌లోని మకాలు శిఖరం దగ్గర చూశామన్న 32×15 అంగుళాల ముద్రలకూ ఫొటోలే. ఆ కొలతకు ఇసుకలోనైనా ఎంత లేదన్నా 8 కిలోల పొడి కావాలి. మనిషి పాదానికి 1 కిలో, 16 అంగుళాల దానికి రెండున్నర కిలోలు పట్టుకెళ్లండి. కవర్లో మిగిలిన పిండిని సింకులో కడగకండి, పైపులో రాయై కూర్చుంటుంది.