ఆరు వేసవుల తర్వాత మా గ్యాస్ గ్రిల్: మూత ఎత్తి చూసి కొనండి

ఈ గ్రిల్ మా పెరట్లోకి వచ్చి ఆరు వేసవులు దాటింది. 2019 మార్చిలో, టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్న కొత్తలో కొన్నాం. అంతకుముందు అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అక్కడ బాల్కనీలో గ్యాస్ సిలిండర్ పెట్టుకోనివ్వరు. అందుకని నాలుగు కుటుంబాలం కలిసి పార్కులో షెల్టర్ బుక్ చేసుకుని, అక్కడుండే బొగ్గుల గ్రిల్ మీద కాల్చుకునేవాళ్లం. బొగ్గు అంటుకుని పైన తెల్లగా బూడిద కట్టేసరికి అరగంట పట్టేది. ఆలోపు పిల్లలు చిప్స్‌తో కడుపు నింపేసుకునేవాళ్లు. గ్యాస్ గ్రిల్లే కావాలని నేను పట్టుబట్టింది అందుకే. నాబ్ తిప్పి మూత వేస్తే పావుగంటలో కాల్చడం మొదలుపెట్టచ్చు.

మూడు బర్నర్లు, కుడి పక్కన గిన్నె పెట్టుకునే చిన్న పొయ్యి లాంటి ఒక సైడ్ బర్నర్. ధర 449 డాలర్లు, పన్నుతో కలిపి 486. కంపెనీ పేరు రాయడం లేదు. మేం కొన్న మోడల్ ఇప్పుడు షాపుల్లో దొరకదు. ఈ ధరలో వచ్చేవి తరచూ పేరూ రూపూ మార్చుకుంటాయి కాబట్టి పేరు తెలిసినా మీకు ఉపయోగపడదు. 400 నుంచి 600 డాలర్ల మధ్య ఏ గ్రిల్ ముందు నిలబడినా ఏం చూసుకోవాలో చెబితే అదే ఎక్కువ పనికొస్తుంది.

షాపులో మనకు మొదట కనిపించేది మెరిసే స్టీలు, కింద తలుపులున్న అలమర, అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిన బీటీయూ అంకె, అంటే బర్నర్లు గంటకు ఎంత వేడి ఇస్తాయో చెప్పే కొలత. నేనూ మొదట వాటినే చూశాను. ఇప్పుడైతే ముందు మూత ఎత్తుతాను. ఇనప జాలీ పైకి తీస్తాను. దాని కింద బర్నర్ల మీద గుడిసె కప్పులా వంచిన రేకులుంటాయి. మాంసం నుంచి కారే కొవ్వు నేరుగా మంట మీద పడకుండా ఆపేవి, వేడిని అటూ ఇటూ సమానంగా పంచేవి అవే. ఎక్కువ దెబ్బ తినేవీ అవే. ఆ రేకు చేత్తో నొక్కితే వంగుతోందంటే రెండు మూడేళ్లలో చిల్లులు పడుతుంది. మావి నాలుగో ఏటికి మధ్యలో తుప్పు తినేసి, పట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోయాయి. కొత్త సెట్టు 40 డాలర్లయింది. ఆ సెట్టు దొరకడమే మా అదృష్టం. మా వీధిలో ఒకరు మేం గ్రిల్ కొన్న ఏడాదే 150 డాలర్లు పెట్టి వేరే గ్రిల్ కొన్నారు. మూడో వేసవికి బర్నర్ గొట్టం చిల్లులు పడింది, ఆ మోడల్‌కు విడిభాగాలు ఎక్కడా లేవు, గ్రిల్ మొత్తం చెత్తలోకి వెళ్లింది. అందుకే డబ్బు కట్టేముందు ఫోన్‌లో మోడల్ నంబర్ కొట్టి బర్నర్లు, రేకులు, ఇగ్నైటర్ (నిప్పు రవ్వతో మంట వెలిగించేది) విడిగా అమ్ముతున్నారా అని చూడండి. రెండు నిమిషాల పని.

బీటీయూ గురించి కూడా చెప్పాలి. మాది మూడు బర్నర్లకూ కలిపి 30,000. జాలీ వైశాల్యంతో భాగిస్తే చదరపు అంగుళానికి 70 దగ్గర వస్తుంది. 80 నుంచి 100 దాకా ఉండాలని చాలామంది అంటారు. మాకు మాత్రం వేడి చాలలేదన్న మాట ఎప్పుడూ రాలేదు. మూత బరువుగా ఉండి అంచులు సరిగ్గా కూర్చుంటే వేడి లోపలే నిలుస్తుంది. మూత పల్చగా ఉంటే ఎన్ని బీటీయూలున్నా గాలిలో కలిసిపోతాయి.

మన కుటుంబాలకు నేను మూడు బర్నర్లే చెబుతాను. దానికి కారణం వేడి కాదు, శాకాహారం. మా స్నేహితుల్లో రెండు కుటుంబాలు గుడ్డు కూడా ముట్టరు. పార్కు రోజుల్లో వాళ్లు పనీర్, క్యాప్సికం ఇంట్లోనే చేసుకుని డబ్బాల్లో తెచ్చుకుని, మేం వేడివేడిగా తింటుంటే చల్లారినవి తినేవాళ్లు. నాకు అది చూస్తే బాధగా ఉండేది. మా గ్రిల్ జాలీ మూడు విడి ముక్కలుగా వస్తుంది. ఎడమ చివరి ముక్కను మొదటి రోజు నుంచీ వెజ్‌కే ఉంచాం. మాంసం దాని మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆ వైపు పట్టకారుకు ఆకుపచ్చ టేపు చుట్టాను. మధ్య బర్నర్ మీద ఏమీ పెట్టం, అది సరిహద్దు. ఆ రెండు కుటుంబాల్లో ఒక ఇంటి పెద్దావిడ మొదటిసారి వచ్చినప్పుడు దగ్గరికొచ్చి, “ఇటు ఏవీ పడవు కదమ్మా?” అని అడిగారు. పట్టకార్లు రెండూ చూపించి, జాలీ ముక్క తీసి చూపించాను. తర్వాత ఆవిడే నిలబడి పనీర్ పుల్లలు తిప్పారు. రెండు బర్నర్ల గ్రిల్‌లో ఇది కుదరదు. జాలీ ఒకటే పలకగా ఉన్నా కుదరదు.

కొన్న వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. మామూలు బ్రెడ్ ప్యాకెట్ తెచ్చి, గ్రిల్ బాగా వేడెక్కాక మంట మధ్యస్థంగా పెట్టి జాలీ నిండా ముక్కలు పరవండి. రెండు నిమిషాలాగి వరసగా తిరగేయండి. ఎక్కడ మాడిందో, ఎక్కడ తెల్లగా మిగిలిందో కళ్ల ముందు పటం గీసినట్టు కనిపిస్తుంది. మాకు వెనక కుడి మూల నల్లబడింది, ముందు ఎడమ మూల ఇంకా మెత్తగానే ఉంది. ఈ ధరలో అన్నిచోట్లా ఒకేలా వేడి ఇచ్చే గ్రిల్ నేనింతవరకు చూడలేదు. తేడా ఎక్కడుందో తెలిస్తే చాలు. ముందు ఎడమ మూలలో మొక్కజొన్న పొత్తులు, వెనక కుడి మూలలో చికెన్ లెగ్స్.

ఇక సైడ్ బర్నర్. దీని మీద ఇంగ్లిష్ సమీక్షల్లో “దండగ, ఎవరూ వాడరు” అని ఎన్నోసార్లు చదివాను. వాళ్ల వంటకు అది నిజం కావచ్చు. ఇక్కడ మన ఇళ్లలో వంటగది, హాలు కలిసే ఉంటాయి, మెట్లెక్కితే కార్పెట్. ఒక్కసారి చేపల వేపుడు చేస్తే వాసన రెండు రోజులు పోదు. మా ఇంట్లో చేపలు, రొయ్యలు, ఎండుమిర్చి వేయించడం అన్నీ ఆరేళ్లుగా ఆ సైడ్ బర్నర్ మీదే. నిజం చెప్పాలంటే పెద్ద గ్రిల్‌కన్నా దాన్నే ఎక్కువసార్లు వెలిగించాం. లోపం ఒకటే, టెక్సస్ గాలికి మంట ఆగదు. మూడు వైపులా రేకు మడిచి నిలబెట్టుకుంటే సరిపోతుంది. నూనె మాత్రం మూకుడులో సగానికి మించి పోయకండి.

మేం పడ్డ పెద్ద టెన్షన్ 2020 వేసవిలో. పెళ్లిరోజుకు అక్కావాళ్లు వచ్చారు. చికెన్ రాత్రి నుంచే పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి ఉంది. గ్రిల్ వెలిగించి ఇరవై నిమిషాలైనా వేడి చూపించే ముల్లు 250 ఫారెన్‌హైట్ దాటలేదు. మంటలు నీలంగానే ఉన్నాయి కానీ గోరంత. సిలిండర్ నిండుగా ఉంది. కస్టమర్ కేర్ లైన్‌లో నలభై నిమిషాలున్నాం, ఎవరూ తీయలేదు. ఎదురింటి పెద్దాయన వచ్చి చూసి, “సిలిండర్ ఎలా తెరిచారు?” అన్నారు. మా ఆయన బర్నర్ నాబ్ ముందు తిప్పేసి, తర్వాత సిలిండర్ వాల్వు గబుక్కున తెరిచారు. గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే గొట్టం తెగిందనుకుని రెగ్యులేటర్ దగ్గరి సేఫ్టీ ఏర్పాటు గ్యాస్ ప్రవాహాన్ని బాగా తగ్గించేస్తుందట. ఆయన అన్ని నాబ్‌లూ, వాల్వూ కట్టేసి, గొట్టం విప్పించి, రెండు నిమిషాలాగి మళ్లీ బిగించారు. వాల్వు చాలా మెల్లగా, కొద్దికొద్దిగా తిప్పి తెరిచారు. ఆ తర్వాత ఒక బర్నర్ వెలిగిస్తే మంట జానెడు లేచింది. పది నిమిషాల్లో ముల్లు 500కు చేరింది. గ్రిల్ పాడైందని వాపసు ఇచ్చేవాళ్లలో ఎంతమందికి ఇదే జరిగిందో అనిపిస్తుంది నాకు. వాల్వు ముందు, మెల్లగా. బర్నర్ తర్వాత.

సిలిండర్ సంగతి కూడా ఇక్కడే. అందరూ 20 పౌండ్ల సిలిండర్ అంటారు గానీ, షాపుల బయట ఖాళీది ఇచ్చి మార్చుకునే వాటిలో సాధారణంగా 15 పౌండ్లే నింపుతారు. రీఫిల్ చేసే చోటికి తీసుకెళ్తే పూర్తిగా నింపుతారు. మా గ్రిల్‌పై 15 పౌండ్లు మూడు బర్నర్లూ నిండుగా పెడితే పది గంటల చిల్లర వస్తుంది. మధ్యలో అయిపోకుండా నేను బాత్రూంలోని తూకం వాడతాను. సిలిండర్ మెడ దగ్గర టీడబ్ల్యూ అని ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, మాదాని మీద 17 అని ఉంది. తూగిన బరువులోంచి అది తీసేస్తే మిగిలిందే గ్యాస్. కొత్త సిలిండర్ బిగించిన ప్రతిసారీ సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడటం మానకండి.

ఒకసారి మంట కూడా చూశాం. చర్మంతో ఉన్న చికెన్ లెగ్స్ పన్నెండు ఒకేసారి పెట్టి మూత వేసి లోపలికెళ్లాం. కొవ్వు కారి, అంతకుముందు రెండుసార్లు శుభ్రం చేయని అడుగు ట్రేలో పడి అంటుకుంది. మా తమ్ముడు నీళ్ల మగ్గు తెచ్చాడు, గట్టిగా అరిచి ఆపాను. కొవ్వు మంట మీద నీళ్లు పోస్తే అది ఎగిరి మన మీదికొస్తుంది. బర్నర్లు, సిలిండర్ కట్టేసి, మూత వేసి ఉంచితే కాసేపటికి ఆరిపోయింది. తప్పు మాదే. అప్పటినుంచి అడుగు ట్రే ముందుకు లాగి తీయగలిగేలా ఉందా లేదా అన్నది నేను ఎవరికైనా చెప్పే రెండో మాట. వెనక నుంచి వంగి తీయాల్సి వస్తే ఎవరూ శుభ్రం చేయరు. జాలీ రుద్దడానికి తీగల బ్రష్ కూడా మానేశాం. ఊడిన తీగ ముక్కలు తిండిలో కలిసి గొంతులో, పేగుల్లో గుచ్చుకున్న కేసుల గురించి 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హెచ్చరించింది. జాలీ వేడిగా ఉన్నప్పుడు సగం ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి రుద్దితే చాలా వరకు పోతుంది. ఆ తర్వాత నూనె గుడ్డ. మన పెరుగు మసాలా జాలీకి బంకలా పట్టుకుంటుంది కాబట్టి ముక్కల్ని దులిపి పెట్టాలి. చికెన్ లోపల 165 ఫారెన్‌హైట్ వచ్చిందో లేదో చూసే చిన్న థర్మామీటర్ పదిహేను డాలర్లు, అది తప్పకుండా కొనుక్కోండి. పైన నల్లబడితే ఉడికినట్టు కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇగ్నైటర్ రెండో ఏడు పోయింది, పొడుగు లైటర్‌తో వెలిగిస్తున్నాం. అలమర తలుపుల అంచులు తుప్పు పట్టాయి. కవరు 35 డాలర్లది కొన్నాం, ఎండకు మూడేళ్లలో పిగిలింది. చలికాలం తర్వాత వాడేముందు బర్నర్ గొట్టాల మొదట్లో సాలెగూడు ఉందేమో చూస్తాం. గూడు అడ్డుపడితే గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గర అంటుకునే ప్రమాదం ఉంది.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు మాకు ఒకటిన్నర రోజు కరెంటు లేదు. డాలస్‌లో సున్నా ఫారెన్‌హైట్ కిందికి పడిపోయింది. మా స్టవ్వు ఎలక్ట్రిక్. ఆ సైడ్ బర్నర్ మీదే పెరట్లో నిలబడి పాలు కాచాం, పెసరపప్పు కిచిడీ వండాం. చలికి గ్యాస్ ఒత్తిడి తగ్గి మంట సన్నగా వచ్చింది, కిచిడీకి గంట పైన పట్టింది. గ్రిల్‌ను గరాజ్‌లోకి తెద్దామని మా ఆయనన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ వారంలో కార్బన్ మోనాక్సైడ్ విషంతో టెక్సస్‌లో ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. ఎంత చలైనా గ్రిల్ ఉండాల్సింది బయటే.

తెనాలి నుంచి అత్తయ్య వచ్చినప్పుడు గ్రిల్ మీద వంకాయ పచ్చడి చేశారు. లావు వంకాయకు నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి, వెజ్ వైపు ఎడమ బర్నర్ మీద నేరుగా పెట్టారు. తొక్క చిట్లి చిట్లి నల్లగా కాలి, కాడ దగ్గర నొక్కితే వేలు దిగేదాకా కదలనివ్వలేదు. పచ్చిమిర్చీ, టమాటాలూ పక్కనే కాలాయి. తొక్క తీసి, చింతపండు, ఉప్పు వేసి చేత్తోనే మెదిపారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “బొగ్గుల వాసన లేదమ్మాయ్, కానీ కమ్మగానే ఉంది” అన్నారు. అది నిజం. గ్యాస్ మీద కాల్చినదానికి బొగ్గు వాసన రాదు, అదే కావాలంటే గ్యాస్ గ్రిల్ కొనకండి. మా ఇంట్లో మాత్రం వంకాయ అప్పటినుంచి బయటే కాలుతోంది, మామూలు మంగళవారం రాత్రి కూడా.