సర్వో కార్డ్ పోతే ఏది మేలు: కొత్త స్పేరా, రిపేరా, సిస్టమ్ మార్పా?

టర్బైన్ కంట్రోల్ ప్యానెల్‌లో సర్వో కార్డ్ పోయిందని తేలితే ముందు మూడు దారులుంటాయి. అదే మోడల్ స్పేర్ వేయడం, ఉన్నదాన్ని రిపేర్‌కి పంపడం, లేదా ఇదే అదనుగా కంట్రోల్ సిస్టమ్‌నే కొత్త తరానికి మార్చడం. నా అభిప్రాయం ముందే చెప్తాను. అదే మోడల్ స్పేర్ వేసి, తర్వాత వాల్వ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిపి చేత్తో కొలిచి చూడటమే ఎక్కువ ప్లాంట్లకు మేలు. ఈ కొలిచి చూసే భాగాన్నే చాలామంది వదిలేస్తారు.

అసలు పోయింది కార్డేనా? కార్డ్ సర్వో వాల్వ్‌లోని కాయిల్‌కి చిన్న కరెంట్ పంపుతుంది, మామూలుగా ప్లస్ లేదా మైనస్ 10 మిల్లీయాంప్స్ లోపు. దాంతో సర్వో వాల్వ్ హైడ్రాలిక్ ఆయిల్‌ను అటో ఇటో వదులుతుంది, టర్బైన్ వాల్వ్‌ను నడిపే యాక్చుయేటర్ కదులుతుంది, ఎల్వీడీటీ (కదలికను వోల్టేజ్‌గా మార్చే సెన్సర్) ఆ పొజిషన్‌ను తిరిగి కార్డ్‌కి చెబుతుంది. ఈ లూప్‌లో ఎక్కడ తేడా వచ్చినా స్క్రీన్ మీద కనిపించే అలారం దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకసారి గ్యాస్ కంట్రోల్ వాల్వ్ ఊగిసలాడుతోందని మేం కార్డ్ మార్చాం. ఊగడం ఆగలేదు. చివరికి చూస్తే ఎల్వీడీటీ రాడ్ లాక్ నట్ వదులైంది. అప్పటి నుంచి కార్డ్ ముట్టుకునే ముందు కాయిల్ రెసిస్టెన్స్ కొలుస్తాను, ఎల్వీడీటీ వోల్టేజ్ చూస్తాను, సర్వో ముందున్న ఆయిల్ ఫిల్టర్ డిఫరెన్షియల్ ప్రెషర్ (ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా) అడుగుతాను. ఆయిల్ పాడై ఏర్పడే జిగట పొర, అంటే వార్నిష్, పేరుకుంటే సర్వో లోపల కదిలే స్పూల్ అతుక్కుపోతుంది. అప్పుడు ఎన్ని కార్డులు మార్చినా లాభం ఉండదు.

కార్డే పోయిందని రూఢి అయ్యిందనుకుందాం. అదే మోడల్ వేయడంలో పెద్ద సుఖం ఏమిటంటే వైరింగ్, లాజిక్, ఆపరేటర్ స్క్రీన్ ఏదీ మారదు. కానీ అదే మోడల్ అంటే పేరు ఒకటైతే చాలదు. పార్ట్ నంబర్ చివర రివిజన్ అక్షరాలు, ఫర్మ్‌వేర్ వెర్షన్, జంపర్ల (బోర్డ్ మీద సెట్టింగ్ ఎంచుకునే చిన్న కనెక్టర్ల) స్థానాలు అన్నీ కలవాలి. జీఈ కంపెనీ టర్బైన్ కంట్రోల్ సిస్టమ్ మార్క్ 6 లో, సర్వో వైర్లు కలిపే టర్మినల్ బోర్డ్ మీద కాయిల్ కరెంట్ రేంజ్ ఎంచుకునే జంపర్లు ఉంటాయి. బోర్డ్ కూడా మారిస్తే, పాతదాన్ని తీసే ముందు ఫోటో తీసుకోవడం తప్పనిసరి. రేంజ్ తప్పు పెడితే కాయిల్‌కి వెళ్లే కరెంటే తప్పవుతుంది.

రిపేర్ చేసిన కార్డ్ ఖర్చు తగ్గిస్తుంది, నిజమే. పాత కార్డుల్లో తరచు పోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అవుట్‌పుట్ దశలోని భాగాలు. వాటిని మార్చడం కష్టం కాదు. కానీ రిపేర్ చేసినవాళ్లు ఎలా టెస్ట్ చేశారన్నదే ప్రశ్న. కాయిల్‌కి సమానమైన లోడ్ పెట్టి, ఎల్వీడీటీ సిగ్నల్ ఇచ్చి, వేడిలో కొన్ని గంటలు నడిపి చూశారా, లేక పవర్ ఇస్తే లైట్లు వెలిగాయని పంపేశారా? టెస్ట్ రిపోర్ట్ లేకుండా వచ్చిన కార్డ్‌ను నేను నడిచే మెషీన్‌లో పెట్టను. షెల్ఫ్‌లో రెండో స్పేర్‌గా ఉంచుకోవడానికి మాత్రం రిపేర్ కార్డ్ మంచిదే.

సిస్టమ్ మొత్తం మార్చడం ఒక కార్డ్ పోయినందుకు తీసుకునే నిర్ణయం కాదు. స్పేర్లు తయారవడం ఆగిపోయినప్పుడు, షెల్ఫ్‌లో ఒక్కటే మిగిలినప్పుడు, మేజర్ ఓవర్‌హాల్ దగ్గర పడినప్పుడు దాని గురించి ఆలోచించాలి. మార్చినప్పుడు ప్రతి లూప్‌కీ గెయిన్ (తేడాకు కార్డ్ ఎంత బలంగా స్పందించాలన్న సెట్టింగ్) మళ్లీ సరిచూసుకోవాలి, ప్రతి వాల్వ్‌నూ మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే స్క్రీన్ అంకె అసలు పొజిషన్‌తో కలిసేలా సరిచేయాలి.

ఇక క్యాలిబ్రేషన్ విషయం. కార్డ్ మార్చాక పాత క్యాలిబ్రేషన్ విలువలు డౌన్‌లోడ్ చేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. చివరల దగ్గర నమోదైన వోల్టేజ్ విలువలు ముఖ్యంగా ఎల్వీడీటీవి, దాన్ని బిగించిన తీరువి. జీఈ మెషీన్లలో అవి మామూలుగా మూసినప్పుడు 0.7 వోల్టులు, పూర్తిగా తెరిచినప్పుడు 3.5 వోల్టుల దగ్గర ఉంటాయి. కానీ ఆ వోల్టేజ్‌ను పుట్టించేదీ చదివేదీ కార్డే. రెండు కార్డుల మధ్య చిన్న తేడా ఉండొచ్చు. కాబట్టి పాత విలువలతో మొదలుపెట్టి వాల్వ్‌ను 0, 25, 50, 75, 100 శాతం దగ్గర ఆపి, డయల్ గేజ్‌తో కొలవండి. ఇన్‌లెట్ గైడ్ వేన్లయితే (లోపలికి వచ్చే గాలిని నియంత్రించే రెక్కలు) ప్రొట్రాక్టర్‌తో కోణం చూడండి. సరిపోతే విలువలు ముట్టుకోవద్దు. తేడా ఉంటేనే క్యాలిబ్రేట్ చేయండి.

ఆటో క్యాలిబ్రేషన్ సులభం. సాఫ్ట్‌వేర్ వాల్వ్‌ను ఆ చివరకీ ఈ చివరకీ నెట్టి వోల్టేజ్ రాసుకుంటుంది. కానీ ఆయిల్ ప్రెషర్ తక్కువై, లేదా లింకేజ్ పట్టేసి వాల్వ్ చివరిదాకా వెళ్లకపోతే, ఆగిన చోటునే చివర అనుకుని రాసేస్తుంది. స్క్రీన్ మీద 100 శాతం, బయట 94 శాతం. అందుకే ఆటో చేసినా ఆ రెండు చివరల దగ్గర మనిషి నిలబడి చూడాలి.

నల్ బయాస్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. కరెంట్ పోతే వాల్వ్ మూసుకునేలా సర్వోలో స్ప్రింగ్ బలం పెడతారు. దాన్ని ఎదుర్కొని వాల్వ్‌ను నిలబెట్టే చిన్న కరెంటే ఇది. మార్క్ 6 లో మామూలుగా ఇచ్చే విలువ 2.67 శాతం. పొజిషన్ కొంచెం పక్కకు నిలబడితే ఈ అంకె మార్చి సరిచేసేవాళ్లున్నారు. అలా చేస్తే సర్వో అరిగిపోతోందని చెప్పే గుర్తును మనమే చెరిపేసినట్టు. మూడు ప్రాసెసర్ల సిస్టమ్‌లో సర్వోకి మూడు కాయిళ్లుంటాయి, వాటిలో ఒకటి పనిచేయకపోయినా పొజిషన్ అలాగే పక్కకు జరుగుతుంది. కాబట్టి ఒక్కో కాయిల్‌ను విడిగా కలిపి, వాల్వ్ సరైన వైపుకే కదులుతోందో లేదో చూడాలి. ఒక కాయిల్ పొలారిటీ తిరగబడినా మిగతా రెండూ కలిసి దాన్ని లాక్కుపోతాయి, అందువల్ల మూడూ కలిపి చూస్తే తప్పు దొరకదు.

ఇదంతా మెషీన్ ఆగి ఉన్నప్పుడే. ఇంధనం లేదా స్టీమ్ లైన్ మాన్యువల్ వాల్వ్‌తో మూసి, లైన్ ఖాళీ చేసి, లింకేజ్ దగ్గర ఎవరూ లేరని చూసుకుని మొదలుపెట్టాలి. వాల్వ్ కదలడానికి లాజిక్‌లో ఫోర్స్ చేసిన (చేత్తో బలవంతంగా పెట్టిన) ప్రతి సిగ్నల్‌నూ కాగితం మీద రాసి, పని అయ్యాక ఒక్కొక్కటీ తీసేయాలి.

మూడు ప్రాసెసర్ల రిడండెంట్ సిస్టమ్‌లో (ఒకటి ఆగినా మిగతా రెండూ నడిపించేది) మెషీన్ నడుస్తుండగానే ఒక కార్డ్ మార్చే వీలుంటుంది. ఆపే అవకాశం లేకపోతే అలా మార్చండి, పాత విలువలే డౌన్‌లోడ్ చేయండి, మూడు కాయిళ్ల కరెంట్ సమానంగా ఉందో లేదో షిఫ్ట్ మొత్తం గమనించండి. కొలిచి చూసే పనిని తర్వాతి షట్‌డౌన్ జాబితాలో మొదటి వరుసలో రాయండి.