గ్రాఫ్ గీయాలంటే పట్టిక మేలా, ముందు అసింప్టోట్లు మేలా, ఫోన్ మేలా?

ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా అక్కావాళ్ల ఇంటికి భోజనానికి వెళ్తే, కాళ్లు కడుక్కోకముందే మా మేనకోడలు నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. పీయూసీ (మన ఇంటర్ లాంటిది) మొదటి ఏడాది చదువుతోంది.

"మామయ్యా, ఇది కరెక్టేనా?"

లవంలో ఎక్స్² − ఎక్స్ − 2, హారంలో ఎక్స్² − 4. దానికి గ్రాఫ్ గీయాలి. టెన్త్‌లో అలవాటైనట్టే పట్టిక వేసింది: −4 దగ్గర 1.5, −3 దగ్గర 2, −1 దగ్గర 0, 0 దగ్గర 0.5, 1 దగ్గర 0.67, 3 దగ్గర 0.8. −2, 2 దగ్గర హారం సున్నా అవుతోందని ఆ రెండు గళ్లూ కొట్టేసింది. ఆ తర్వాత చుక్కలన్నీ స్కేలు పెట్టి కలిపేసింది. −3 మీది చుక్క నుంచి −1 మీది చుక్కకు ఒకే గీత, సరిగ్గా −2 మీదుగా! విలువే లేని చోట గ్రాఫ్ హాయిగా నడిచి వెళ్లిపోయింది.

లెక్కల్లో తప్పు లేదు, కలపడంలో ఉంది. పట్టికకు ఆ ఆరు చోట్లే తెలుసు. సరళరేఖకో, పరావలయానికో అది సరిపోతుంది, అవి ఎక్కడా తెగవు కాబట్టి. ఇలా లవం, హారం రెండూ బహుపదులైన రేషనల్ ఫంక్షన్లలో అసలు కథంతా తెగిన చోటే ఉంటుంది.

అందుకే నా ఓటు అసింప్టోట్లకు, అంటే దూరం పోయేకొద్దీ గ్రాఫ్ అంతకంతకూ దగ్గరయ్యే గీతలకు. మేం చదువుకున్న తెలుగు పుస్తకాల్లో వీటిని అనంతస్పర్శరేఖలు అనేవారు. ముందు కారణాంకాలు విడగొట్టాలి: లవం (ఎక్స్ − 2)(ఎక్స్ + 1), హారం (ఎక్స్ − 2)(ఎక్స్ + 2). రెండింట్లోనూ ఉన్నది కొట్టేస్తే (ఎక్స్ + 1)/(ఎక్స్ + 2) మిగులుతుంది. హారంలో మిగిలిన కారణాంకం −2 దగ్గర నిలువు అసింప్టోట్ ఇస్తుంది. కొట్టేసింది కూడా ఊరికే పోదు, 2 దగ్గర 3/4 ఎత్తులో ఒక చిల్లు పెట్టి పోతుంది, అంటే ఆ ఒక్క బిందువు గ్రాఫ్‌లో ఉండదు. పైనా కిందా డిగ్రీ (ఎక్స్ మీది అతి పెద్ద ఘాతం) ఒకటే కాబట్టి మొదటి గుణకాల నిష్పత్తి తీసుకుంటే వై = 1 అడ్డ అసింప్టోట్. ఇక కావాల్సిన లెక్కలు రెండే. −2.1 దగ్గర 11, −1.9 దగ్గర −9. అంటే ఎడమ కొమ్మ పైకి ఎగిసింది, కుడి కొమ్మ కిందికి దిగింది. నిజానికి ఇక్కడ అంకెలు కూడా అక్కర్లేదు, ప్లస్సో మైనస్సో తెలిస్తే చాలు.

లవం డిగ్రీ ఒకటి ఎక్కువైతే భాగహారం చెయ్యాలి. (ఎక్స్² + 1)/(ఎక్స్ − 1)లో భాగఫలం ఎక్స్ + 1, శేషం 2. ఏటవాలు అసింప్టోట్ వై = ఎక్స్ + 1. 11 దగ్గర గ్రాఫ్ 12.2, గీత 12. 101 దగ్గరకు వెళ్తే తేడా 0.02. పట్టికతో ఈ సంగతి పట్టుకోవాలంటే కాగితం పక్క వీధి దాకా పరచాలి.

ఈ పద్ధతిలోనూ బోల్తా పడే చోటు ఒకటి ఉంది. "అసింప్టోట్‌ను గ్రాఫ్ తాకదు" అని పిల్లలు బట్టీ పడతారు. నిలువుగీత విషయంలో నిజమే. అడ్డగీతను మాత్రం దాటొచ్చు: ఎక్స్/(ఎక్స్² + 1)కు ఎక్స్ అక్షమే అసింప్టోట్, అయినా గ్రాఫ్ దాన్ని మూలబిందువు దగ్గర కోసుకుంటూ పోతుంది. అందుకే అక్కడక్కడా ఒకటి రెండు చుక్కలు పెట్టక తప్పదు.

ఫోన్‌లో గ్రాఫ్ యాప్ ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా గీసేస్తుంది. అయితే చిల్లుకు వెడల్పు ఉండదు కదా, తెర మీద గీత నిండుగానే కనిపిస్తుంది. పైగా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష కర్ణాటక సీఈటీ హాల్లోకి ఫోనే కాదు, కాలిక్యులేటర్ కూడా రానివ్వరు. అక్కావాళ్ల పక్క ఫ్లాట్ అబ్బాయి అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌కు చదువుతున్నాడు. డిజిటల్ శాట్‌లో గ్రాఫ్‌లు గీసే డెస్మాస్ కాలిక్యులేటర్ పరీక్షలోనే ఉంటుంది, కాబట్టి అతనికి యాప్ మీద చెయ్యి తిరగడం ముఖ్యం. మా మేనకోడలికి యాప్ చివర్లో సరిచూసుకోవడానికే. ఒక్క విషయంలో మాత్రం కాగితం దానికి సాటి రాదు: (ఎక్స్ + 1)/(ఎక్స్ + 2) హారంలో 2 తీసి దాని చోట స్లైడర్ (వేలితో జరిపితే అంకె మారే మీట) పెట్టి జరిపితే, నిలువుగీతతో పాటు కొమ్మలు రెండూ కదిలిపోవడం కళ్లారా చూడొచ్చు.

కొత్త పేజీలో మళ్లీ గీసింది. ముందు రెండు చుక్కల గీతలు, ఆ తర్వాత కొమ్మలు, చివర్లో రూపాయి బిళ్లంత సున్నా.

"చిల్లు అంత పెద్దదా అమ్మా?"

"దిద్దేవాళ్లకి కనబడాలి కదా మామయ్యా!"

వంటింట్లోంచి అక్క కేకేసింది, పప్పు చల్లారిపోతోందని.